ఒక్క కప్పు కేకు వెనక

కిందటి నెల ఒక రాత్రి, పన్నెండు దాటాక, బెంగళూరులోని మన తెలుగు సంఘాల్లో ఒకదాని పెద్ద మాకు ఫోన్ చేశారు. ఆయన గొంతు వణుకుతోంది. సంఘంలో అందరికీ తెలిసిన కుర్రాడు, ఇరవై ఏళ్లవాడు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేవాడు, ఆసుపత్రిలో ఉన్నాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, తన గదిలోని మైక్రోవేవ్‌లో ఒక్కరికి సరిపడే కప్పు కేకు చేసుకున్నాడు. అందులో గంజాయి కలిపిన వెన్న వేశాడు. తిని ముప్పావుగంట చూశాడు. ఏమీ అనిపించలేదు. 'ఇందులో సరుకు లేదు' అనుకుని ఇంకో కప్పు చేసుకుని తిన్నాడు. మరో గంటకు గుండె దడ, ఒళ్లంతా చెమట, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు. పక్క గది స్నేహితులు ఆటోలో తీసుకెళ్లారు.

"డాక్టరు ఏం తిన్నాడని అడుగుతున్నారండీ, ఏం చెప్పమంటారు?" అన్నారు ఆ పెద్దాయన. మేము ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "బయట తిండి పడలేదని చెప్పండి. అబ్బాయి పేరు, సంఘం పేరు బయటికి రానివ్వకండి" అన్నాం.

అబ్బాయి మర్నాటికి కోలుకున్నాడు. కానీ ఆ మాట మమ్మల్ని ఇంకా వదల్లేదు. ప్రాణం మీదికి వచ్చిన వేళ డాక్టరుకు అబద్ధం చెప్పించాం. ఆ రాత్రి మాకు పిల్లవాడి కన్నా పరువు ముఖ్యమైంది. ఈ సంపాదకీయం రాయడానికి కారణం అదే.

ముందుగా మన యువతకు ఒక సంగతి సూటిగా చెప్పాలి. ఒక్కరికి, ఒక్క కప్పులో, రెండు నిమిషాల్లో అయిపోయే కేకు చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. పొగ లేదు, గుంపు లేదు, అమ్మేవాడి గుడిసె దగ్గర నిలబడే పని లేదు. వంటలాగే ఉంటుంది. కానీ పొగకూ తిండికీ శరీరంలో చాలా తేడా ఉంది. పొగ పీల్చితే మత్తు నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. కడుపులోకి వెళ్లిన టీహెచ్‌సీని కాలేయం ఇంకా బలంగా పనిచేసే మరో పదార్థంగా మారుస్తుంది. అది ఎక్కడానికి ఎంత ఆలస్యమో, దిగడానికీ అంతే ఆలస్యం. ఆరు గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటలు కూడా ఉంటుంది. రెండో కప్పు తినే పొరపాటు జరిగేది ఈ మధ్య సమయంలోనే. పైగా ఇంట్లో కలిపిన వెన్నలో మోతాదు ఎంతో చేసినవాడికే తెలియదు. ఒక స్పూనులో ఉన్నంత ఇంకో స్పూనులో ఉండాలని లేదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2014 జనవరి నుంచి గంజాయి అమ్మకం చట్టబద్ధమైంది. అదే ఏడాది మార్చిలో డెన్వర్‌లో 19 ఏళ్ల విద్యార్థి ఒకడు దుకాణంలో కొన్న బిస్కెట్టులో ముందు ఒక ముక్కే తిన్నాడు. కాసేపు చూసి, ఏమీ కాలేదని మిగతాదంతా తినేశాడు. కొన్ని గంటల తర్వాత బాల్కనీ మీంచి దూకి చనిపోయాడు. ఆ బిస్కెట్టులో ఆరుగురికి సరిపడే మోతాదు ఉంది. అమెరికాలోనే ఆరేళ్లలోపు పసిపిల్లలు ఇలాంటి తినుబండారాలు పొరపాటున తిన్న సంఘటనలు, విష సమాచార కేంద్రాల లెక్కల్లో, 2017లో 207 ఉంటే 2021 నాటికి 3,054కు చేరాయి. వంటింట్లో మిగిలిన కేకు ముక్కను చూసి పసివాడు కేకే అనుకుంటాడు. అందులో తప్పేముంది?

ఇక్కడ మన యువతీయువకులు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు. వాటిని తోసిపుచ్చం.

"కెనడాలో చట్టమే ఒప్పుకుంది కదా?" అంటారు. నిజమే. 2018 అక్టోబరులో గంజాయిని, 2019 అక్టోబరులో గంజాయి తినుబండారాలను అక్కడ అనుమతించారు. కానీ ఒక ప్యాకెట్టులో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదని, పిల్లలు తెరవలేని కవరులో అమ్మాలని నియమం పెట్టారు. గదిలో కప్పులో చేసుకున్న కేకుకు ఆ లేబులూ లేదు, ఆ హద్దూ లేదు. పై చదువులకు అమెరికా వెళ్లే పిల్లలు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నా, అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు. వీసా మీద ఉన్నవారికి చిన్న కేసు కూడా పెద్ద ముప్పే.

"మరి భంగు సంగతేమిటి?" అంటారు. మన చట్టం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు అంటుంది. కొస లేకుండా విడిగా ఉన్న ఆకును, గింజను అందులో చేర్చలేదు. పొరుగువారి పండుగ ఆచారాన్ని ఎగతాళి చేసే పని మనది కాదు. కానీ కేకులో వేసేది ఆ ఆకు కాదు, గంజాయే.

"మద్యం కన్నా నయం కదా?" అని కూడా అంటారు. దీనికి మేము తల వంచుకోవాలి. మన కుటుంబాలను మద్యం కూల్చినంతగా మరేదీ కూల్చలేదు. తాగి వచ్చే పెద్దల విషయంలో మౌనంగా ఉండి, కుర్రవాళ్ల మీద మాత్రమే గొంతు పెంచితే ఎవరు వింటారు? ఆ మౌనం మన తప్పు. అయితే ఒక విషం పాతదైనంత మాత్రాన కొత్త విషం మందైపోదు.

చట్టం విషయానికి వద్దాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి వాడినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది చిన్నదే అనిపిస్తుంది. కానీ మత్తుమందును మరో పదార్థంలో కలిపినప్పుడు మొత్తం మిశ్రమం తూకమే చూడాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పిండి, చక్కెర, వెన్న బరువు కూడా లెక్కలోకి రావచ్చు. ముంబయి పాఠకులకు గుర్తుండే ఉంటుంది: 2021లో మలాడ్‌లోని ఒక బేకరీలోనూ, ఆ తర్వాత మజ్‌గావ్‌లోనూ కేంద్ర అధికారులు ఇలాంటి బ్రౌనీలు పట్టుకున్నారు. మజ్‌గావ్‌లో దొరికినవి సుమారు 10 కిలోలు. స్నేహితుల కోసం ఒక ట్రే చేసిపెట్టే కుర్రాడు తనను వ్యాపారి అనుకోడు. చట్టం అనుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది తినేవాడి సంగతి. మనల్ని ఇంకా లోతుగా కదిలించాల్సినది ఆ కప్పులోని గంజాయి నడిచి వచ్చిన దారి. చెన్నై, బెంగళూరు, ముంబయిలలో పట్టుబడే గంజాయిలో చాలా భాగం ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తోంది. ఇటు చింతపల్లి, ముంచింగిపుట్టు, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. జైపూరు, రాయగడ ప్రాంతాల్లో ఉన్న మన పాఠకులకు ఈ దారులు బాగా తెలుసు. రోడ్డు లేని ఊరు, ధర లేని పంట, అప్పు ఇచ్చే బయటి వ్యాపారి. ఈ మూడూ కలిసినచోట గంజాయి మొలిచింది. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. కాఫీ, మిరియాల మొక్కలు కూడా పంచారు. అయితే కాఫీ కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఆకలి ఆగదు.

కొండ మీంచి రోడ్డు దాకా మూటలు మోసేది ఎవరు? కొన్ని వేల రూపాయల కూలికి ఒప్పుకున్న ఆదివాసీ కుర్రాళ్లు, కాలేజీ మానేసిన పిల్లలు, ఒక్కోసారి ఆడవాళ్లు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. రెండు సంచులు మోస్తే చాలు. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా ఉండొచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. పైగా ఆ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం, నిందితుడు నేరం చేసి ఉండడని నమ్మడానికి ఆధారం ఉందని కోర్టుకు తోస్తేనే బెయిలు. వకీలు లేనివాడికి అది దాదాపు రాదు. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం ఎప్పుడో గానీ దొరకడు.

ఒకే మొక్క. నగరంలో కప్పులో తిన్నవాడికి ఆరు నెలల ముప్పు. కొండ మీద మోసినవాడికి పదేళ్ల జైలు. ఇద్దరి వయసూ ఇరవయ్యే. కప్పు కేకు నా సొంత విషయం, ఎవరికీ హాని లేదు అనే మాట ఇక్కడ నిలబడదు. కొరింథు సంఘంలో ఒకడి భోజనం మరొకడి పతనానికి దారి తీయడం గురించి పౌలు బాధపడ్డాడు. అక్కడ తినేవాడి స్వేచ్ఛ కన్నా పక్కవాడి ప్రాణం పెద్దది అయింది. ఇక్కడ ఆ పక్కవాడు మనకు కనిపించనంత దూరంలో, జైలు గోడ వెనక ఉన్నాడు. అంతే తేడా.

మరి సంఘాలుగా మనం ఏం చేయాలి? మొదటిది, నిజం చెప్పే వీలు ఇవ్వాలి. ఎవరైనా ఇలాంటిది తిని ఇబ్బంది పడుతుంటే ఒంటరిగా వదలవద్దు, బండి నడపనివ్వవద్దు, ఆసుపత్రిలో ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. పసిపిల్లలు తింటే క్షణం ఆగకుండా తీసుకెళ్లండి. రెండవది, అలవాటు పడినవారిని వెలివేయకుండా చికిత్సకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది. అలవాటుకు బానిసై, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసు ఎదుర్కొంటున్నవారు గుర్తింపు పొందిన కేంద్రంలో తమంతట తాము చికిత్సకు ఒప్పుకుంటే, విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఆ చట్టంలోనే ఉంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. దేశంలో గంజాయి, చరస్ వాడేవారు సుమారు 1.3 కోట్ల మంది అని 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సర్వే చెప్పింది. వాళ్లలో మన పిల్లలు ఎవరూ లేరని అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మూడవది కొండలకు సంబంధించినది. మన సంఘాల్లో వకీళ్లు ఉన్నారు, రిటైరైన ఉద్యోగులు ఉన్నారు. జైళ్లలో మగ్గుతున్న మోత కూలీల కుటుంబాలకు ఉచిత న్యాయ సేవా సంస్థ దారి చూపించడం, దరఖాస్తు రాసిపెట్టడం, కోర్టు తేదీకి ఒక మనిషి వెంట వెళ్లడం మన చేతుల్లో ఉన్న పనులే. కాఫీ కొనేటప్పుడు ఆదివాసీ రైతుల సహకార సంఘం నుంచి కొనడం కూడా ఒక పనే.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. అతన్ని సండే స్కూలు నుంచి తీసేయాలని సంఘంలో కొందరు అంటున్నారట. మేము ఒప్పుకోం. అతను తప్పు చేశాడు, ఆ సంగతి తల్లిదండ్రులకు తనే చెప్పాడు. చికిత్స తీసుకున్న ఆసుపత్రికి మళ్లీ వెళ్లి, డాక్టరుకు కూడా నిజం చెప్పి వచ్చాడు. మేము చెప్పించిన అబద్ధాన్ని మాత్రం మేము ఇంకా దిద్దుకోలేదు. వచ్చే ఆదివారం బెంగళూరు వెళ్తున్నాం. ముందుగా అతనికి క్షమాపణ చెప్పాలి.