ఎర్రబారిన ఏరు - బడి చెప్పని పాఠం

బైలడిల్లా కొండల నుండి విశాఖ రేవుకు ఇనుప ఖనిజాన్ని మోసుకొనివచ్చే గూడ్సు బండ్లు మన రైల్వే సోదరులకు నిత్యం కనిపించేవే. జపాను ఉక్కు కర్మాగారాల అవసరం కోసం 1960వ దశకంలో కొత్తవలస నుండి కిరందుల్ వరకు, సుమారు 445 కిలోమీటర్ల పొడవున, తూర్పు కనుమలను తొలిచి ఈ మార్గాన్ని వేశారు. ఘాటు సెక్షనులో బండి నడిపే లోకో పైలట్, వానాకాలపు రాత్రులలో పట్టాల వెంట గస్తీ తిరిగే ట్రాక్‌మన్, స్టేషను మాస్టరు - వీరందరి శ్రమతోనే ఆ ఖనిజం సముద్రం చేరుతున్నది. అది బయలుదేరిన చోట ఏమి మిగులుతున్నదన్న ప్రశ్న మాత్రం మన సభలలో అరుదుగా వినవస్తున్నది.

బైలడిల్లా అనగా ఎద్దు మూపురం. ఆ కొండల పాదాన పారే శంఖిని నది ఖనిజపు బురదతో ఎర్రబారిన సంగతి దశాబ్దాలుగా లోకవిదితమే. దంతెవాడలో దంతేశ్వరి గుడి చెంత శంఖిని, డంకిని నదులు కలుస్తాయి. ఆ నీరు ఇంద్రావతిలోనికి, అక్కడినుండి మన గోదావరిలోనికి చేరుతుంది. కనుక ఇది ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సంగతి, మనకెందుకని చేతులు దులుపుకొనే వీలు లేదు.

ఆ నది ఒడ్డున బడికి పోయే గోండు బాలుడు పరిసరాల పాఠంలో ఏమి నేర్చుకొంటున్నాడు? పర్యావరణ విద్యను తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం నొక్కిచెప్పింది. మాటలు ఘనమైనవే. కాని చెట్లు నరకరాదు, నీరు వృథా చేయరాదు అని వల్లె వేయించినంత మాత్రాన ఆ బాలునికి ఒరిగేదేమిటి? ఇప్పపూవు ఎప్పుడు రాలుతుందో, తునికాకు ఎప్పుడు కోయవలెనో, నడివేసవిలో ఏ చెలమలో నీరు ఊరుతుందో అతని తల్లికి తెలిసినంతగా పుస్తకం వ్రాసినవారికి తెలియదు. అతడు బడిలో తెలుసుకొనవలసినవి వేరు. తన ఏరు ఎందుకు ఎర్రబడింది? ఆ కొండను తవ్వడానికి ఎవరు అనుమతించారు? 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన గ్రామసభకు ఏ అధికారాలు ఇచ్చాయి? ఈ ప్రశ్నలకు చోటులేని పర్యావరణ విద్య, నష్టపరచినవానిని విడిచి నష్టపోయినవానికి నీతులు చెప్పడమే అవుతుంది.

పైగా బస్తరులో బడి నిలబడడమే కష్టమైన రోజులు గడిచాయి. పాఠశాల భవనాలను భద్రతా దళాలు ఖాళీ చేయవలెనని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఎందరో పిల్లలు ఊరు విడిచి దూరపు ఆశ్రమ పాఠశాలలలో, పోర్టా కేబిన్ బడులలో చదువుకొన్నారు. అడవికి, అవ్వకు, తల్లిభాషకు దూరమైన పిల్లవానికి తన ఊరి నేలను గురించి ఎవరు చెప్పగలరు?

ఆదివాసులకు చట్టం తెలియదనుకోవడం పొరపాటు. 13వ నంబరు ఇనుప నిక్షేపమున్న నందిరాజ్ కొండ తమ దైవమనీ, తవ్వకానికి సమ్మతించినట్లు చూపిన హిరోలి గ్రామసభ తీర్మానం బూటకమనీ 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరందుల్‌లో బైఠాయించారు. ప్రభుత్వం పనులు నిలిపి, విచారణకు ఒప్పుకొనక తప్పలేదు. ఇదే రైలుమార్గం మీద, కొత్తవలస వైపున, బొర్రా స్టేషను ఉన్నది. ఆ అనంతగిరి ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులోనే, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన బండి దాటిపోయే స్టేషనులలో ఇంత చరిత్ర ఉన్నది.

ఖనిజ రవాణా తగ్గితే మన ఉద్యోగాల మాటేమిటని కొందరు సోదరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కిరందుల్‌లోనే ఉన్నది. 1978 ఏప్రిల్‌లో యంత్రాల రాకతో వేలాది గని కార్మికుల పని పోయినప్పుడు, ఎదిరించి నిలిచినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు కార్మికులు నేలకొరిగారు. ఖనిజం నాడూ తరలింది, నేడూ తరలుతున్నది. ఖనిజం ఎంత తరలితే కార్మికునికి అంత భద్రత అన్నది భ్రమ. కొండను లెక్కచేయనివారు కూలివానిని కూడా లెక్కచేయరు. కనుక ఆదివాసి హక్కుకూ, మన ఉద్యోగ భద్రతకూ వైరం లేదని మేము దృఢంగా విశ్వసిస్తున్నాము.

2015లో గనుల చట్టాన్ని సవరించి ఏర్పరచిన జిల్లా ఖనిజ నిధి గనుల వలన నష్టపోయిన ప్రజల కోసమే ఉన్నది. ఆ నిధి నుండి ప్రతి బడికీ తల్లిభాష తెలిసిన ఉపాధ్యాయుని, ఊరి వారితో కలిసి నీటిని పరీక్షించే సాధనాలను సమకూర్చవలెనని మనం కోరవలసి ఉన్నది. ఆ పరీక్షల ఫలితాలను గ్రామసభ ముందు ఉంచవలెను. ప్రతి పల్లెకూ ఉత్తరం చేరవేసే గ్రామీణ డాక్ సేవకులకు తెలిసినంతగా ఆ ఊళ్ళు ఏ అధికారికీ తెలియవు. వారు బడికీ బయటి లోకానికీ వారధి కాగలరు. జగదల్‌పూర్, కోరాపుట్, అరకు మార్గంలోని మన శాఖలు తమ పిల్లలను ఒక సెలవు దినాన ఈ పల్లెలకు, అక్కడి పెద్దల అనుమతితో తీసుకొనిపోవలెనని మనవి చేస్తున్నాము. తండ్రి నడిపే బండిలో ఉన్నది ఎవరి కొండయో మన పిల్లలకు కూడా తెలియవలెను గదా!