ప్రాణం నిలిచింది, జ్ఞాపకం జారుతోంది

షోలాపూర్‌లోని భవాని పేట్ సందులలో నడిచేవారికి మరమగ్గాల చప్పుడు తరువాత చెవిన పడేది తెలుగు మాటే. తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువు కోసం ఆ పట్టణం చేరి నూరేండ్లు దాటింది. పురుషులు చద్దర్లు, తువ్వాళ్లు నేస్తారు. స్త్రీలలో అనేకులు ఇంటి వద్దనే బీడీలు చుడతారు. పెండ్లికో, చావుకో, దసరాకో జహీరాబాదు మీదుగా సొంత ఊళ్లకు వచ్చిపోతూనే ఉంటారు. అందుచేత అక్కడి కష్టం ఇక్కడి కష్టమే.

ఎయిడ్స్ పేరు వింటేనే మృత్యువు గుర్తుకు వచ్చిన రోజులు గతించాయి. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మందుల పంపిణీని ఆరంభించినప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాలలో మహారాష్ట్ర, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మూడూ ఉన్నాయి. 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైమాటే. వారిలో పెద్ద భాగం నేటికీ ఈ ప్రాంతాలవారే. నాడు ముప్పయ్యేండ్ల వయసులో మందు మొదలుపెట్టిన నేత కార్మికుడు నేడు యాభై దాటి, మనుమలను ఎత్తుకుంటున్నాడు. వైద్యశాస్త్రం సాధించిన ఈ విజయాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ విజయం వెనుకనే మరొక సమస్య తలెత్తింది.

అది పెద్దగా కనిపించదు. వెంటనే అతకవలసిన తెగిన పోగును చూస్తూ ఒక క్షణం నిలిచిపోవడం, లెక్క చెప్పబోయి మధ్యలో తడబడడం, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం, నలుగురిలో కూర్చోలేక ముడుచుకుపోవడం, ఇవే లక్షణాలు. ఇంటివారు వయసు అనుకుంటారు, లేదా తాగుడు అనుకుంటారు. సేఠ్ మాత్రం పని మందగించిందని కూలీ కోస్తాడు.

హెచ్ఐవీ వైరస్ దేహంలో ప్రవేశించిన కొద్ది వారాలకే మెదడును చేరుతుంది. అది ఆలోచనను నడిపే నాడీకణాలను నేరుగా కబళించదు; వాటి చుట్టూ కావలి ఉండే రక్షక కణాలలో కాపురం పెడుతుంది. ఆ కణాలు ఏండ్ల తరబడి విడుదలచేసే పదార్థాల వలన మెదడులో సన్నని సెగ వంటి వాపు కొనసాగుతుంది. మందు వైరస్‌ను అణచినా ఆ సెగ పూర్తిగా చల్లారకపోవచ్చు. మందుకు ముందు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. సీడీ-4 కణాల సంఖ్య ఒకప్పుడు 200కు దిగువకు పడిపోయినవారికి ఈ ముప్పు అధికమని పరిశోధకులు అంటున్నారు. ఇక్కడొక చేదు నిజం ఉంది. 2004లో మన దేశంలో సాధారణంగా ఆ సంఖ్య 200 కంటే పడిపోయిన తరువాతనే మందు ఇచ్చేవారు. సంఖ్యతో నిమిత్తం లేకుండా అందరికీ మందు అన్న నిర్ణయం వచ్చింది 2017లో. అంటే తొలి రోజులలో మందు అందుకుని బ్రతికి బయటపడ్డవారే నేడు ఈ ముప్పుకు ఎక్కువగా లోబడి ఉన్నారు.

భారతదేశంలో వ్యాపించినది ప్రధానంగా వైరస్‌లోని సీ ఉపజాతి. దాని టాట్ అనే మాంసకృత్తులో ఒక చిన్న మార్పు కారణంగా అది మెదడుకు తక్కువ హాని చేయవచ్చునని బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రానికి చెందిన ఉదయకుమార్ రంగా బృందం 2004లో వెలువరించిన పరిశోధన సూచించింది. ఆ ఊరట ఎంతోకాలం నిలువలేదు. అదే నగరంలోని నిమ్హాన్స్ వైద్యులు, మందు ఇంకా ఆరంభించని 119 మందిని పరీక్షించి, వారిలో నూటికి అరవై మందిలో స్వల్ప లేక మధ్యస్థ లోపాలున్నట్లు 2007లో ప్రకటించారు. అమెరికాలో 1,555 మందిపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, అత్యధికులు మందు వాడుతున్నప్పటికీ, సుమారు సగం మందిలో ఏదో ఒక లోపం కనబడింది. తీవ్రమైన మతిభ్రంశం మాత్రం నూటికి ఇద్దరికే పరిమితమైంది.

ఈ సంఖ్యలను చూసి బెంబేలెత్తవలసిన పని లేదు. ఏ జబ్బూ లేనివారికి ఇవే పరీక్షలు పెట్టినా కొందరు తప్పుతారనీ, పాత కొలమానం లోపాన్ని ఎక్కువచేసి చూపిందనీ విమర్శలు వచ్చాయి. 2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, పరీక్షలో తక్కువ మార్కులు రావడాన్నీ, వైరస్ వలన మెదడుకు కలిగిన గాయాన్నీ వేరువేరుగా చూడాలని ప్రతిపాదించింది. చదువు లేమి, పేదరికం, దిగులు కూడా మార్కులను తగ్గిస్తాయి కదా.

భవాని పేట్ వంటి చోట ఈ వాదన అక్షరాలా వర్తిస్తుంది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఒక చిన్న పరీక్షలో నాలుగు మాటలు చెబుతారు: కుక్క, టోపీ, చిక్కుడు గింజ, ఎరుపు. తరువాత ఎక్కువగా వాడని చేతి వేళ్లను అయిదు సెకన్లపాటు వేగంగా ఆడించమంటారు. పిడికిలి, అరచేయి, చేయి పక్క వాటం, ఈ మూడూ వరుసగా చేయిస్తారు. చివరన ఆ నాలుగు మాటలూ తిరిగి అడుగుతారు. మొత్తం 12 మార్కులు. 10 లేక అంతకు తక్కువ వస్తే లోతుగా పరీక్షించాలి. ఇంతవరకు బాగుంది. కానీ ఆ నాలుగు మాటలూ ఏ భాషలో చెప్పాలి? ఇంట తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే అరవయ్యేండ్ల అవ్వకు మరాఠీలో చెప్పి, ఆమె ఒక్కటి మరచినంత మాత్రాన మెదడు దెబ్బతిన్నదని తేల్చడం న్యాయం కాదు. మగ్గాల హోరులో ముప్పయ్యేండ్లు గడిపినవానికి అసలు ఆ మాట సరిగా వినిపించిందా అన్నది మరొక ప్రశ్న. ఇక వేళ్ల పరీక్షలో చిత్రం తిరగబడవచ్చు. జీవితమంతా పోగులు అతికిన చేతికి అలవాటైన వేగం అసలు లోపాన్ని కప్పిపెట్టినా ఆశ్చర్యం లేదు.

మందుల పాత్రను కూడా విస్మరించరాదు. ఏండ్ల తరబడి మన కేంద్రాలలో వాడిన ఎఫావిరెంజ్ మాత్ర తల తిరగడం, పీడకలలు, దిగులు కలిగించేది. రాత్రి మింగవలసిన ఆ మాత్ర రాత్రి పాళీ పనివారిని ఎంత ఇబ్బంది పెట్టి ఉంటుందో ఊహించవచ్చు. ఇప్పుడు దాని స్థానంలో డోలుటెగ్రావిర్ వచ్చింది. అది ఆ విషయంలో మేలే అయినా కొందరికి నిద్ర పట్టనివ్వదు, బరువు పెంచుతుంది. ఇవి చూసి ఎవరూ తమంత తామే మాత్ర మానరాదు. మానితే వైరస్ తిరిగి విజృంభిస్తుంది, మెదడుకు అంతకు మించిన శత్రువు లేదు.

అన్నింటికంటె జటిలమైనది గోప్యత. స్వల్ప లోపాన్ని గుర్తించాలంటే ఇంటివారు చెప్పే మాట వైద్యునికి అవసరం. ఒకే గదిలో ఆరుగురు కాపురముండే ఇంట మాత్రల డబ్బాను బియ్యపు కుండలో దాచుకునే మనిషికి సాక్ష్యం చెప్పేదెవరు? రోగి అనుమతి లేకుండా సంగతి వెల్లడించరాదని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం శాసిస్తున్నది. 2018 సెప్టెంబరు నుండి అది అమలులో ఉంది. ఆ రక్షణ సడలరాదు. అయితే ఒంటరిగా దాచుకున్న మతిమరపు ఒక విషవలయం అవుతుంది: మరచి మాత్ర తప్పుతుంది, తప్పితే వైరస్ పెరుగుతుంది, పెరిగితే మరపు ముదురుతుంది. మందుల కేంద్రంలో మిగిలిన మాత్రలు లెక్కించి నిర్లక్ష్యమని మందలించడానికి ముందు, ఇది నిర్లక్ష్యమా లేక జబ్బులో భాగమా అని విచారించడం సిబ్బంది కర్తవ్యం. పట్టణంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో తెలుగు వచ్చిన సలహాదారు ఒకరు కూర్చుంటే ఈ విచారణ సగం సులువవుతుంది. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

మరపు కనిపించినంత మాత్రాన హెచ్ఐవీయే కారణమని భావించరాదు. బీ-12 లోపం, థైరాయిడ్, మధుమేహం, రక్తపోటు, సిఫిలిస్, క్షయ మెదడు పొరలకు సోకడం, తాగుడు, దిగులు, వీటిలో చాలావాటిని మందుతో సరిచేయవచ్చు. కొత్తగా తలనొప్పి, జ్వరం, మాట తడబాటు, ఒక పక్క బలహీనత కలిగితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. రక్తంలో వైరస్ కానరాకున్నా వెన్నెముక ద్రవంలో కానవచ్చిన కేసులను పూణే వైద్యులే నివేదించారు. కనుక రక్తపరీక్ష బాగుందన్న ఒక్క మాటతో తృప్తి చెందనక్కరలేదు.

సెలవులకు షోలాపూర్ నుండి సరిహద్దు గ్రామాలకు వచ్చి నెలల తరబడి ఉండేవారు బయలుదేరే ముందే మందుల కేంద్రంలో చెప్పి, ఆ కాలానికి సరిపడా మాత్రలు గానీ, దగ్గరి కేంద్రానికి బదిలీ పత్రం గానీ తీసుకోవచ్చు. మాత్రకు ఫోనులో అలారం పెట్టుకోవచ్చు. పేరు చెప్పనక్కరలేకుండా 1097 సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి సందేహం అడగవచ్చు. ఇంటిలో ఒక్కరికైనా, భార్యకో, పెద్ద కొడుకుకో, ధైర్యం చేసి చెప్పుకున్నవారికి అలారం మోగినప్పుడు గుర్తుచేసే నోరు కూడా ఉంటుంది.