చక్కెర చరిత్రలో తెలుగు కూలీ

‘చక్కెర’ అనే మాట దానంతటదే ఒక చరిత్ర పాఠం. సంస్కృతంలోని ‘శర్కర’ పారశీకంలో ‘శకర్’ అయింది, అరబ్బీలో ‘సుక్కర్’ అయింది, ఆ దారినే యూరపు చేరి ఇంగ్లీషులో ‘షుగర్’గా స్థిరపడింది. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద చదివే మన విద్యార్థులకు ఈ మాట చేసిన ప్రయాణం ఆనందం కలిగించక మానదు. అయితే చక్కెర కోసం ప్రయాణం చేయవలసివచ్చిన మనుషుల కథ అంత తీయనిది కాదు. అందులో తెలుగువారికీ చోటున్నదని మనలో చాలమందికి తెలియదు.

చెరకుకు ఒక స్వభావం ఉంది. నరికిన గడ నిలవ ఉండదు. రసం పులిసేలోగా గానుగ ఆడాలి, వెంటనే కాచాలి. కోతకాలంలో రాత్రింబవళ్లు శ్రమించే చేతులు వందల సంఖ్యలో ఒకేచోట కావాలి. స్వేచ్ఛ గల మనిషి అంతటి చాకిరీని కొద్దిపాటి కూలికి చేయడు. 1493లో కొలంబసు తన రెండవ యాత్రలో చెరకును కరీబియన్ దీవులకు కొనిపోయాడు. తరువాతి శతాబ్దాలలో ఆఫ్రికా నుండి సుమారు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారు. వారిలో దాదాపు 18 లక్షల మంది నడిసముద్రంలోనే మరణించారు. బతికి చేరినవారిలో అత్యధికులను చెరకు తోటలున్న బ్రెజిల్‌లోను, కరీబియన్ దీవులలోను అమ్మారు.

బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. యజమానులకు పరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. చట్టం మారింది గాని చెరకు స్వభావం మారలేదు, తోట యజమాని లెక్కా మారలేదు. చవక చేతుల కోసం అతని చూపు మన దేశం వైపు తిరిగింది. కూలీల ఓడలు 1834లో మారిషసుకు, 1838లో బ్రిటిషు గయానాకు, 1860లో నేటాల్‌కు, 1879లో ఫిజీకి చేరాయి.

1860 నవంబరు 16న దర్బన్ రేవు చేరిన ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసులో బయలుదేరినదే. 1911 వరకు నేటాల్ చేరిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారు. ఉత్తరార్కాటు, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. ఒప్పందం ఐదేండ్లు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపై ఏటికి ఒక షిల్లింగు పెంపు. చీటీ లేకుండా తోట దాటడం నేరం, పనికి రాకపోవడం నేరం. గడువు తీరినా తిరిగి ఒప్పందానికి లొంగక, స్వదేశానికీ పోక అక్కడే నిలిచినవాడు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. అంటే తొలి ఏటి లెక్కన ఆరు నెలల జీతం! ఆ పన్ను 1914లో గాని రద్దు కాలేదు.

‘వారు ఇష్టపడి పోయినవారే గదా, వేలిముద్ర వేసినవారే గదా’ అనేవారున్నారు. 1876-78 నాటి మహాక్షామాన్ని వారు ఒకసారి తలచుకోవాలి. అప్పటికి మన ప్రాంతం బళ్లారి జిల్లాలోనిది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. క్షామం అతి తీవ్రంగా పీడించిన సీమలలో మనది ఒకటి. 1877లో రిచర్డు టెంపుల్ కరువు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యానికి, అంటే అరకిలో కన్న తక్కువకు, ఒక అణాకు కుదించాడు. పిడికెడు గింజలకై క్యూలో నిలిచినవాని సమ్మతి సమ్మతి అవుతుందా?

ఒప్పంద కూలీ బానిస కాడు. అతని బిడ్డను అంగడిలో అమ్మరు, అతనికొక గడువున్నది. ఈ భేదం చిన్నది కాదు. ఆఫ్రికావాసి వేదనతో మన బాధను సరితూచడం న్యాయమూ కాదు. కానీ ఇది కొత్తరకం బానిసత్వం కాగలదని 1840లో బ్రిటిషు మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ తానే శంకించాడు. గోఖలే 1910లో శాసనసభలో తెచ్చిన తీర్మానంతో మరుసటి ఏడు నేటాల్‌కు కూలీల ఎగుమతి ఆగింది. 1917లో ఈ నియామకాలన్నీ నిలిచాయి.

వారు కన్నీరు మాత్రమే మిగల్చలేదు. దర్బన్‌లో నేటికీ అన్ని మతాలవారు దర్శించే బాద్‌షా పీర్ దర్గా, చెరకు తోటల కూలీగా వచ్చిన ఒక సాధువుదని అక్కడి సంప్రదాయం. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మారిషసులో ఉగాది ప్రభుత్వ సెలవుదినం.

ఇది గతించిన గాథ అని మేము భావించడం లేదు. చిత్రావతి ఎండిన ఏట మన గోరంట్ల ప్రాంతం నుండి బెంగుళూరుకు, ఇంకా దూరం గల్ఫుకు పోయేవారు నేటికీ ఉన్నారు. అక్కడ పనివాని పాసుపోర్టును యజమాని దాచుకోవడం ఆ దేశాల చట్టాలు కూడా ఒప్పనిదే. అయినా అది జరుగుతూనే ఉంది. విదేశాలకు పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద రిజిస్టరు కావాలని మన 1983 నాటి చట్టం విధించింది. ఈ సంగతి తెలియకనే అప్పు చేసి దళారి చేతిలో పోసినవారెందరో!

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటున్నది. వారానికి ఒక గంట మన గ్రంథాలయంలో ఒక బల్ల వేయించండి. ఇంగ్లీషు, అరబ్బీ తెలిసిన అధ్యాపకులు, విద్యార్థులు అక్కడ కూర్చుని, వలస పోయేవారి ఒప్పంద పత్రాలను చదివి తెలుగులోను, ఉర్దూలోను వివరించాలి. జీతమెంత, గడువెంత, తిరుగు ప్రయాణం ఎవరి ఖర్చు అన్న మూడు ప్రశ్నలకైనా జవాబు తెలియకుండా మన ఊరివారెవరూ సంతకం చేయకూడదు. విద్యార్థులారా, మీలో చాలమంది మీ ఇంట మొదటి అక్షరాస్యులు. నాడు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారికి కాగితం చదివి చెప్పేవాడు దొరకలేదు. నేడు మన వారికి మీరున్నారు.