రైతు పేరుతో బ్రేకుల్లేని బండి

ట్రాక్టరు ట్రాలీ బోల్తా పడ్డ ప్రతిసారీ మూడే మాటలు వినపడతాయి: డ్రైవరు నిర్లక్ష్యం, అతివేగం, పరిమితికి మించి జనం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 9 మంది కూలీలు చనిపోయినప్పుడూ అంతే. ఆ జూన్‌లోనే వేములకొండ దగ్గర మూసీ కాలువలో 15 మంది పోయినప్పుడూ అంతే. ట్రాలీకి బ్రేకులుంటే వాళ్లంతా బతికేవాళ్లని నేననను, ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం. నా గొడవల్లా, డ్రైవరును తిట్టడం అయ్యాక కూడా ఆ ట్రాలీ సంగతి ఎత్తేవాళ్లు కనపడకపోవడం గురించి.

ఎవరైనా ఎత్తారా, జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘అది రైతు బండి, మెల్లగా పోయేది, దాని జోలికెందుకండీ’ అంటారు. పార్టీలకతీతంగా అందరూ ఒప్పుకునే మాట ఇది. వినడానికి రైతు మీద జాలిలా ఉంటుంది కూడా. ఆ జాలి వల్ల రైతుకు ఒరిగిందేమిటో నాకైతే అంతుపట్టదు.

మామూలు ట్రాక్టరు బరువు రెండు టన్నులు, కాస్త అటూ ఇటూ. దాని బ్రేకులు పట్టేది వెనక చక్రాలనే. ఇటుకో, తడి ఇసుకో నింపిన ట్రాలీ ఐదారు టన్నులు తూగుతుంది. మన ఊళ్లలో తిరిగే చాలా ట్రాలీల చక్రాలకు బ్రేకన్నదే ఉండదు. డ్రైవరు పెడల్ తొక్కితే ట్రాక్టరు ఆగబోతుంది, ట్రాలీ ఆగదు. రెండింటినీ కలిపి ఉంచేది ఒక్క పిన్ను. నేరుగా పోతున్నప్పుడు వెనక బరువు ముందుకు నెట్టుకుపోతుంది. మలుపులో అయితే ఆ తోపుడు పక్క నుంచి తగిలి, ట్రాక్టరు అడ్డం తిరిగి ట్రాలీ మీదికే మడతపడుతుంది. ఇంకో తిరకాసుంది. పొలంలో చిన్న మలుపు తిప్పుకోవడానికని ట్రాక్టరుకు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేరే బ్రేకు పెడళ్లు పెడతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కొక్కెంతో కలపాలి. దుక్కి ముగించి అదే ఊపులో తారు రోడ్డెక్కినవాడు ఆ కొక్కెం మరిచాడా, తొక్కినప్పుడు ఒక్క చక్రమే పట్టుకుంటుంది. సగం నిండిన నీళ్ల ట్యాంకరైతే మరీ ఘోరం. బ్రేకు వేయగానే లోపలి నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకు దూకుతాయి.

‘మెల్లగా పోయేదే కదా’ అన్న వాదన అందుకే చెల్లదు. పైగా డీజిలు ఆదా అని దిగుడులో న్యూట్రల్ కొట్టిన ట్రాక్టరు ఎంత మెల్లగా పోతుందో గుట్ట కింద ఇళ్లవాళ్లను అడగండి.

చట్టం లేదా అంటే, ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ట్రెయిలర్‌ను కూడా మోటారు వాహనంగానే నిర్వచించింది. ట్రాక్టరుకు కాగితాలుంటే సరిపోదు, ట్రాలీకి దాని రిజిస్ట్రేషన్ దానికి ఉండాలి. ఇన్సూరెన్సు సంగతీ అంతే. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో, ట్రాలీ మీద పోతూ గాయపడిన మట్టి కూలీకి బీమా కంపెనీ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. పేదవాడన్న దయతో, తన ప్రత్యేకాధికారం వాడి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమంది. ఆ దయ దొరకడానికి ఒక కూలీ మనిషి కేసు ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. ‘రైతు బండి’ అని వదిలేసిన దానికి మూల్యం చెల్లించేది ఎవరో ఇక్కడే తెలుస్తోంది. నాట్లకూ మిర్చి కోతలకూ ట్రాలీలో కూర్చుని పోయే ఆడవాళ్లు రైతాంగంలోకి రారా? మనుషుల్ని ఎక్కించొద్దని పోస్టర్లు వేయడం తేలికే. తెల్లారకముందే చేను దాకా వచ్చే బస్సు ఏదో కూడా ఆ పోస్టరు మీదే రాస్తే బాగుండేది.

ఇక ఖర్చు. లక్షలు పోసి ట్రాక్టరు కొని, టాపు మీద సౌండు బాక్సులు బిగించుకున్న ఓనరుకు బ్రేకు భారమట! ట్రాలీల్లో ఎన్నో ఇటుక బట్టీలకూ మట్టికీ ఇసుకకూ కిరాయికి తిరిగేవే. కౌలు రైతును ముందు నిలబెట్టి లబ్ధి పొందుతున్నది వీళ్లు. బ్రేకంటే అదేదో రాకెట్ విద్యా కాదు. ట్రాక్టరు వేగం తగ్గగానే ట్రాలీ ముందుకు నెడుతుంది కదా, ఆ తోపుడుతోనే ట్రాలీ చక్రాలకు బ్రేకు పడేలా చేసే కడ్డీల ఏర్పాటు యూరప్‌లో ఎప్పటినుంచో ఉంది. రివర్సులో అది పట్టుకోకుండా ఒక మీట ఉంటే చాలు. పాత లారీ ఇరుసు తెచ్చి ట్రాలీ కట్టగలిగిన మన వెల్డింగ్ షాపులకు, కొలతలు ఖాయం చేసి తనిఖీ పెడితే, ఇది చేతకాని పని కాదు.

రోడ్డు మీద డ్రైవరును ఆపి చలానా రాయడంతో మొదలుపెట్టడం మాత్రం నాకు నచ్చదు, అతను జీతగాడు. సర్కారు తన దగ్గరే మొదలుపెట్టాలి. తెలంగాణలో పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, ట్యాంకర్లు కొన్నారు. ముందు వాటి చక్రాల కింద వంగి చూడమనండి. కాలువ పనులకూ చెరువు మట్టికీ బిల్లులిచ్చేది ప్రభుత్వ శాఖలే. ఫలానా తేదీ నుంచి బ్రేకుల్లేని ట్రాలీ తోలిన ట్రిప్పుకు బిల్లు లేదని ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, వెల్డింగ్ షాపులవాళ్లే ఓనర్లకు ఫోన్లు చేసి పిలుస్తారు.