పెళ్లి రొట్టె - ప్రేమ నవల

డిసెంబరు వచ్చినా నెల్లూరు సీమలో మబ్బులకు సెలవుండదు. ఈశాన్య ఋతుపవనం మైపాడు తీరాన్ని తడుపుతూనే ఉంటుంది. ఆ తడిగాలిలోనే క్రైస్తవ సోదరుల ఇళ్ల ముంగిట కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అటువంటి ఒక సాయంకాలం, అట్ట చిరిగిన ఆంగ్ల నవల ఒకటి మా విద్యార్థినుల చేతులు మారుతూ ఉండగా చూశాను. "ఏమిటమ్మా ఆ పుస్తకం?" అని అడిగాను. "ఏమీ లేదు సార్, ఊరికే కాలక్షేపం" అంటూ దాచివేశారు. ఆ దాచుకోవడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

పిమ్మట అడిగి తీసుకొని చదివాను. కథ చిన్నది. పండుగకు ఇల్లు చేరవలసిన యువతికి రైలు తప్పిపోతుంది. మంచు కురుస్తున్న ఆ స్టేషనులో ఒక అపరిచితుడు పరిచయమవుతాడు. అతడు తమ కుటుంబానికి పాత స్నేహితుల బిడ్డే అని తరువాత తెలుస్తుంది. అలిగిన తండ్రి మెత్తబడతాడు, తల్లి అందరినీ భోజనానికి పిలుస్తుంది, చివరి పుటలో రెండు మనసులు ఒకటవుతాయి. ఇందులో అదృష్టం ఉంది, కుటుంబం ఉంది, కొత్త ప్రేమ ఉంది. పాండిత్యం మాత్రం లేదు.

పాండిత్యం లేని పుస్తకానికి కళాశాలలో చోటెందుకని పెద్దలు ప్రశ్నించవచ్చు. పండుగ కథకు పెద్ద వంశమే ఉన్నదని మొదటి సమాధానం. 1843 డిసెంబరులో చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కెరోల్' ప్రచురించగా, మొదటి ముద్రణలోని ఆరువేల ప్రతులు పండుగ నాటికే చెల్లిపోయాయి. ఒక లోభి మనసు మారి, తన గుమాస్తా కుటుంబాన్ని ఆదుకోవడమే అందలి కథ. 1905లో ఓ. హెన్రీ రాసిన కథలో పేద దంపతులు ఒకరికొకరు కానుక కొనడానికి తమకు అత్యంత ప్రియమైన వస్తువులను అమ్ముకుంటారు. నేటి తేలిక నవలలు ఈ రచనలకు దూరపు చుట్టాలు. చుట్టరికం దూరమైనా కాదనడానికి వీలులేదు.

రెండవ సమాధానం మన ఇంటిలోనే ఉంది. మన కళాశాల రెండు భాషల సంగమం. ఆ రెండు భాషల్లోనూ నవల గడప దగ్గరే పుట్టింది. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ రచించిన 'మిరాతుల్ ఉరూస్' అక్బరీ, అస్గరీ అనే అక్కాచెల్లెళ్ల సంసారాల కథ. పేరుకు అర్థం 'పెళ్లికూతురి అద్దం'. 1878లో వెలువడనారంభించిన కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' ఒక కుటుంబం చితికి, తిరిగి నిలదొక్కుకొన్న కథ. ఒకదానిలో చెల్లెలి వివేకం ఇల్లు నిలిపితే, రెండవదానిలో మూఢవిశ్వాసాలను నమ్మిన గృహస్థు కష్టాల పాలవుతాడు. అదృష్టం, కుటుంబం, వివాహం అన్న విషయాలు ఈ మహనీయులకు చులకనగా తోచలేదు. తరువాతి కాలంలో అద్దె గ్రంథాలయాల తలుపులు తెరిపించి, వేలాది గృహిణులను పాఠకులుగా మార్చిన యద్దనపూడి సులోచనారాణి గారిదీ ఆ విషయమే. ఆమె 'సెక్రటరీ' నవల 1976లో చలనచిత్రంగా కూడా వచ్చింది. ఆమె కథానాయికలను పరిహసించిన విమర్శకులు, ఆ నాయిక ఉద్యోగం చేస్తున్నదన్న సంగతిని గమనించినట్లు లేదు.

ఈ నవలల్లో లోపం లేదని నా వాదం కాదు. అదృష్టం ఆకాశం నుండి ఊడిపడుతుంది. కట్నం మాట ఎక్కడా వినబడదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిన తరువాత కూడా మన ఇళ్లలో ఆ మాట వినబడుతూనే ఉంది కదా! అయినా ఒక్క విషయంలో ఈ చిన్న పుస్తకం మనకన్న ముందున్నది. అందులో ఆ యువతిని అడుగుతారు. ఆమె ఆలోచించుకొని జవాబు చెప్పేవరకు అందరూ ఆగుతారు. నిఖాలో వధువు అంగీకారం తప్పనిసరి. చర్చిలోనూ సమ్మతి అడిగిన పిమ్మటే వివాహం జరుగుతుంది. అడగడం మనకు కొత్త కాదు. జవాబు కోసం నిజంగా ఎదురుచూడడమే అరుదు. తల వంచి 'ఖుబూల్' అన్న ఆడపిల్ల, ఆ మాటకు ముందు ఎన్నడైనా తన కోరికను పైకి చెప్పగలిగిందా అన్నది మనం ఆలోచించవలసిన విషయం.

అదృష్టం సంగతి మాత్రం ఆ నవలకన్న మన నెల్లూరు బాగా చెబుతుంది. మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువు నీటిలో నిలిచి, మతభేదం లేకుండా జనం రొట్టెలు మార్చుకుంటారు. విద్య రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె అని వాటికి పేర్లు. పెళ్లి కోరుకొనే వ్యక్తి, పెళ్లి కోరిక నెరవేరినవారి చేతినుండే ఆ రొట్టె అందుకోవాలి. తన కోరిక ఫలించాక మరుసటి యేడు వచ్చి మరొకరికి ఇవ్వాలి. ఇక్కడ కోరికను నలుగురిలో పేరు పెట్టి అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అదృష్టం సాటి మనిషి చేతినుండి వస్తుంది, రుణంగా తిరిగి చెల్లుతుంది. షహీదుల స్మృతిని మోసే మాసం గనుక ఆ సంతోషంలో ఒక గాంభీర్యం కూడా ఉంటుంది.

చాంద్రమానం ప్రకారం మొహర్రం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2009లోనూ, 2010లోనూ అది డిసెంబరులోనే వచ్చింది. ఒకే నెలలో ఒక వీధిలో నక్షత్రం, మరొక వీధిలో పీరు. ఆ నెలను నేపథ్యంగా గ్రహించి, తప్పిన రైలుకు బదులు చేతులు మారిన రొట్టెతో మొదలయ్యే నవలను ఊహించండి. మంచు అవసరం లేదు, మన వాన చాలు. అది ఉర్దూలో వస్తేనేమి, తెలుగులో వస్తేనేమి?

కావున కళాశాల సంఘం వారికి నా విన్నపం ఒక్కటే. గ్రంథాలయంలో ఉభయ భాషల తేలిక నవలలకు ఒక అర కేటాయించండి. నజీర్ అహ్మద్ గారినీ, వీరేశలింగం గారినీ, సులోచనారాణి గారినీ పక్కపక్కన నిలపండి. విద్యార్థినీ విద్యార్థులారా, చదివినదాన్ని దాచకండి. బాగున్నదేదో, అబద్ధమేదో తరగతిలో లేచి చెప్పండి. పుస్తకం గురించి నిర్భయంగా తన అభిప్రాయం చెప్పిన అమ్మాయి, రేపు తన జీవితం గురించి అడిగినప్పుడు కూడా జవాబు చెప్పగలదు. ఆ అట్ట చిరిగిన నవలకు నేను కొత్త అట్ట వేయించి తిరిగి ఇచ్చాను. ఈసారి వారు దానిని దాచలేదు.