టమాటా కూలీల వెంట కాలేజీ విద్యార్థులు

కూలి పెంచమంటే మన దగ్గర రైతుకూ కూలీకీ తగువు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇమ్మోకలీ టమాటా కూలీలు సరుకు కొనే కంపెనీనే పట్టుకున్నారు. 2001లో వాళ్లు టాకో బెల్ హోటళ్లను బహిష్కరించమంటే కాలేజీ విద్యార్థులు కలిసొచ్చి, కొన్ని క్యాంపస్‌లలో వాటిని మూయించారు. 2005లో కంపెనీ దిగొచ్చి, పౌండు టమాటాకు సెంటు అదనంగా ఇస్తామంది. చూడండి, ఆ సెంటు రైతు జేబులోంచి పోలేదు.

ఇలాంటి ఒప్పందాల మీదే 2011లో ఫెయిర్ ఫుడ్ పథకం అమల్లోకి వచ్చింది. చేరిన తోటల్లో నీడ, తాగునీరు ఉండాలి. ఫిర్యాదు చేసిన కూలీని తీసేయకూడదు. వెట్టిచాకిరీ గానీ, ఆడకూలీలపై లైంగిక దాడి గానీ బయటపడితే ఆ తోట టమాటాను ఈ కంపెనీలు కొనవు. జరిమానా కంటే ఇదే గట్టి దెబ్బ, సరుకు అమ్ముకునే మీకు చెప్పక్కర్లేదు.

మెక్‌డొనాల్డ్స్, వాల్‌మార్ట్ చేరాయి. చేరని వెండీస్ మీద విద్యార్థులు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు.