సైనికుని రెండవ కొలువు

సైనికుడు పదవీ విరమణ చేసి ఇల్లు చేరిన నాడు ఊరంతా పూలమాలలతో ఎదురేగుతుంది. నెల తిరిగేసరికి ఆ మాలలతోపాటు ఆయననూ మరచిపోతుంది. ఏండ్ల తరబడి సరిహద్దులలో సందేశ యంత్రాలను, రహస్య సంకేతాలను కంటికి రెప్పలా కాపాడిన మనిషి కడకు ఏ బ్యాంకు వాకిటనో కావలి నిలవడం మన ప్రాంతంలో పరిపాటి. ఆ కొలువు చిన్నదని నేననను. శ్రమకు తలవంపు లేదు. కాని ఆయన నేర్చిన విద్య కూడా ఆ వాకిటనే ఆగిపోవడం సమాజానికి తీరని నష్టమని నా అభిప్రాయం.

ఆ విద్య ఎంత దూరం పోగలదో చూడండి. భారత సైన్యంలో సిగ్నల్స్ దళం 1911లో ఏర్పడింది. దాని నినాదం 'తీవ్ర చౌకస్'. వేగమూ అప్రమత్తతా కలిసి ఉండాలని భావం. ఈ దళంలో సుదీర్ఘకాలం సేవ చేసిన లెఫ్టినెంట్ జనరల్ రాజేశ్ పంత్ గారు మధ్యప్రదేశ్‌లోని మహూలో ఉన్న సైనిక టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ కళాశాలకు అధిపతిగా పనిచేశారు. సమాచార భద్రతలో డాక్టరేటు పొందారు. 2019 నుండి 2023 వరకు జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్తగా దేశానికంతటికీ బాధ్యత వహించారు. ఆయన అనంతరం ఆ పదవి స్వీకరించిన లెఫ్టినెంట్ జనరల్ ఉన్నికృష్ణన్ నాయర్ గారూ ఆ దళం నుండి వచ్చినవారే.

అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదాతో 1986లో విరమించిన గ్రేస్ హాపర్ కథ మరొకటి. ఆమె మొదట గణితోపాధ్యాయిని. యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి తొలి తరం కంప్యూటర్లపై పనిచేశారు. సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం ఎంత దూరం పోగలదో చెప్పడానికి, అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న తీగముక్కలను శ్రోతల చేతికిచ్చేవారు. కంటికి కనబడని దానిని చేతికందించిన బోధన అది!

సైన్యానికీ విశ్వవిద్యాలయానికీ నడుమ గోడ ఉన్నదనుకోవడం పొరపాటు. మన సికింద్రాబాదులోని సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివినవారికి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పట్టా ప్రదానం చేస్తున్నది.

'యంత్రాలు ఏటేటా మారుతున్నవి కదా, పాత సైనికుడు నేటి విద్యార్థికి ఏమి నేర్పగలడు?' అని కొందరు అడుగవచ్చు. నిజమే, యంత్రం మారుతుంది. కాని నేటి మోసగాడు తాళం పగులగొట్టడం లేదు. తాళంచెవి మననే అడిగి పుచ్చుకొంటున్నాడు. ఫోనులో పోలీసు వేషం చూపి 'డిజిటల్ అరెస్టు' అని బెదరిస్తే, చదువుకున్నవారు సైతం జీవితకాలపు పొదుపును ధారపోస్తున్నారు. అటువంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు! కావలి నిలిచిన జవాను ఎదుటకు ఎంతటి అధికారి వచ్చినా, సంకేతపదం చెప్పనిదే గీత దాటనీయడు. హోదాకు నమస్కరిస్తాడు, ఐనా పరీక్షించకుండా నమ్మడు. సైబర్ భద్రతకు మూలసూత్రం ఇదే. దీనిని పుస్తకం తెలుపగలదేమో గాని, అలవాటుగా మార్చగలవాడు దానిని జీవించినవాడే.

ఈ జాగ్రత్త మన నేలకు క్రొత్తది కాదు. మంథని వేదపండితులు జట, ఘన పాఠాలలో పదాలను ముందుకు, వెనుకకు మరల మరల వల్లించి అక్షరం తప్పిపోకుండా కాపాడినారు. హదీసు విద్వాంసులు ఏ మాటనైనా స్వీకరించే ముందు 'ఇస్నాద్' అడిగినారు. అనగా ఎవరి నోట విని ఎవరు చెప్పినారన్న గొలుసు. మాట మారలేదు కదా? చెప్పినవాడు ఎవరు? ఈ రెండు ప్రశ్నలనే నేటి సైబర్ శాస్త్రం గణితభాషలో అడుగుతున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు నా సవినయ మనవి ఒకటి. అనుభవజ్ఞులను ఆచార్యులుగా నియమించుకొనడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. సాయుధ దళాల వారు కూడా అందులో ఉన్నారు. కనీసం పదిహేనేండ్ల అనుభవం ఉండాలి. పట్టాలు తప్పనిసరి కావు. అట్టివారి సంఖ్య మంజూరైన పోస్టులలో 10 శాతం మించరాదు. ఐతే అందులో ప్రాధాన్యం పెద్ద హోదాలో పనిచేసిన వారికే. మన పల్లెల హవల్దారుకు ఆ పదవి అందకపోవచ్చు. అందకపోనీ! మనకు కావలసినది పదవి కాదు, పాఠం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సిగ్నల్స్ దళంలో పనిచేసిన వారిని గుర్తించి, నెలకొక్క పర్యాయం తరగతికి ఆహ్వానించి, తగిన గౌరవ వేతనం ఇచ్చిన చాలును. సెంటినరీ కాలనీలోని ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకులు కూడా చేయి కలిపితే, శాస్త్రమూ అనుభవమూ ఒకే వేదిక ఎక్కుతాయి.

విద్యార్థి మిత్రులారా! ఆ పాఠం మన వద్దనే నిలిచిపోరాదు. పింఛను కోసం ఫోను పట్టుకొన్న తాతకు, అక్షరం రాని అమ్మీజాన్‌కు మనమే కావలి జవానులం కావాలి. రహస్య సంఖ్య ఎవరికీ చెప్పరాదని, మోసం జరిగిన క్షణమే 1930కి ఫోను చేస్తే సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయించే అవకాశం ఉన్నదని ఇంటింటా చెప్పాలి. దేశానికి సరిహద్దు నేడు మన అరచేతిలోనికి వచ్చింది. దానిని కాయడం తెలిసినవారు మన వీధిలోనే ఉన్నారు. వారిని వాకిట నిలబెట్టక, తరగతి గదిలోనికి పిలుద్దాం.